ఇంటి ముందే షాపు ఉన్నవాళ్లు సెలవు ఎట్లా తీసుకుంటున్నారు?

కత్తెర_మిర్యాలగూడ:

అందరికీ నమస్తే. నేను మిర్యాలగూడలో టైలర్‌ని. ముందు గది షాపు, వెనక రెండు గదులు, వంటిల్లు మాకు ఉండటానికి. జాకెట్లు, లంగా ఓణీలు, పిల్లల గౌన్లు కుడతాను. ఫాల్, పికో కూడా చేస్తాను. మా ఆయన ఒక రైస్ మిల్లులో గుమాస్తా. పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగో తరగతి. మా అత్తమ్మ మాతోనే ఉంటుంది. మరీ మీద పడ్డ అప్పులేం లేవు, తిండికి బట్టకు లోటు లేదు. లేనిదల్లా ఐదుగురం ఒకచోట ఊరికే కూర్చునే ఒక పూట.

మిల్లు సీజన్ సంగతి ఇక్కడివాళ్లకు నేను చెప్పేదేముంది. దసరా దాటి వానకాలం కోతలు పడితే డిసెంబర్ దాకా అదే లోకం. మళ్లీ ఏప్రిల్, మేలో యాసంగి. వడ్ల ట్రాక్టర్లు రోడ్డు మీద బారులు కట్టినన్ని రోజులూ ఆయన పొద్దుగాల పోతే రాత్రి ఏ పదింటికో వస్తాడు. నా సీజన్ వేరు. శ్రావణంలో వరలక్ష్మి వ్రతాలు, తర్వాత బతుకమ్మ, మాఘం ఫాల్గుణంలో పెళ్లిళ్లు, ఎండాకాలం మళ్లీ పెళ్లిళ్లు. పిల్లలకు సెలవులు ఎప్పుడు? దసరాకు, ఎండాకాలం. వాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే మా ఇద్దరికీ ఊపిరాడదు.

ఇది సీజన్ మాట. మామూలు రోజుల్లో కూడా మా ఇంటికి తాళం అంటూ ఉండదు. రాత్రి తొమ్మిదిన్నరకు గేటు చప్పుడవుతుంది. నా చెయ్యి పెరుగన్నంలో ఉంటుంది. "అక్కా, తిన్నరా? ఒక్క హుక్కు ఊడింది, పొద్దుగాల ఫంక్షన్ ఉంది, జర కుట్టియ్యవా." ఒక్క హుక్కే కదా అని చెయ్యి కడుక్కుని లేస్తాను. సూదిలో దారం ఎక్కించేలోపల ఆమె సంచిలోంచి ఇంకో జాకెట్టు బయటికొస్తుంది, "ఇది చంకల దగ్గర బిగువైంది అక్కా, పనిలో పని." అది ఊడదీసి, కుట్టు వదిలి, మళ్లీ మిషన్ మీద వేసి ఇచ్చేసరికి పదిన్నర. ఎంత అని అడగదు, నేనూ చెప్పను. లోపలికి వచ్చి చూస్తే బాబు నిద్రపోయి ఉంటాడు.

ఇక ఐతారం. ఐతారం అంటే ఇంట్లో అందరికీ సెలవు, మటన్. మటన్ వండే మనిషికి సెలవేంది? అల్లం వెల్లుల్లి నూరాలి, బాబుకు కారం లేకుండా వేరే గిన్నె పెట్టాలి, అత్తమ్మకు జొన్నరొట్టె చెయ్యాలి. తిని అందరూ నడుం వాలుస్తారు, నేను అంట్ల దగ్గర ఉంటాను. మూడు కాంగానే గిరాకీ మొదలు, ఎందుకంటే టీచరమ్మలకు, బ్యాంకు మేడాలకు కొలతలిచ్చే తీరిక ఉండేది ఐతారం నాడే.

పోయినేడు సాగర్ గేట్లు ఎత్తారంటే పోదామని అందరం తయారయ్యాం. పులిహోర కలిపి డబ్బాలో పెట్టాను. చెప్పులు వేసుకుంటుంటే పెళ్లికూతురు తల్లి మూడు పట్టు జాకెట్లు పట్టుకుని వచ్చింది, పెళ్లి ముందుకు జరిగిందట. ఆయన పిల్లలను తీసుకుని పోయాడు. డ్యాం ముందు పిల్లలు నిలబడ్డ ఫొటో నా ఫోన్‌లో ఉంది. వెనక గేట్లన్నీ కనబడుతున్నాయి, నేనే లేను.

ఇంటి ముందే కొట్టు ఉన్నవాళ్లు, కిరాణం గానీ జిరాక్స్ గానీ పార్లర్ గానీ, వారానికొక రోజు మూస్తున్నారా? మూస్తే గిరాకీ పక్కకు పోయిందా? మా వీధిలోనే ఇంకో ఇద్దరు కుడతారు, అందుకే భయం. ఇంకో మాట. షాపు మూసినా వంటిల్లు మూయలేం కదా, దానికి మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు?

తెల్లారి నాలుగింటికి లేచి ధ్యానం చెయ్యమనే సలహా మాత్రం వద్దు. నాలుగింటికి లేస్తే ఇంకో జాకెట్టు కుడతాను.

---

దేవరకొండ_కిరాణం:

చెల్లె, నాది కిరాణం. ముందు షట్టర్, వెనక ఇల్లు, నీదీ నాదీ ఒకటే కథ. మా బాపు ఉన్నప్పుడు పండుగ లేదు పబ్బం లేదు, అర్ధరాత్రి లేపినా చక్కెర కట్టి ఇచ్చేవాడు. నేను ఐతారం మధ్యాహ్నం రెండు గంటల తర్వాత షట్టర్ దించుతున్నా. గిరాకీ పోయిందా అంటే కొంత పోయింది, అబద్ధం ఎందుకు. కిరాణంల నేను మూస్తే పక్కోడు తెరిచే ఉంటాడు. పాల ప్యాకెట్ ఎవరి దగ్గరైనా పాల ప్యాకెట్టే.

నీ పని అట్ల కాదు. నీ దగ్గర వాళ్లు కొలతకిచ్చిన ఆది జాకెట్టు ఉంది. మా ఇంటామె పెళ్లైనప్పటి నుంచి ఒక్క టైలరమ్మ దగ్గరే కుట్టిస్తది. ఆ టైలరమ్మ బతుకమ్మకు ఇస్తనన్న జాకెట్టు దీపావళికి ఇచ్చినా వేరే దగ్గరికి పోదు, "ఆమె చెయ్యి నాకు కుదిరింది" అంటది. కాబట్టి ఆ భయం సగం తీసెయ్యి.

బోర్డు పెట్టి మూసుడు సులువే. వెనక తలుపు మూసుడే కష్టం. మొదట్ల షట్టర్ దించి నేను ఇంట్ల కూర్చుంటే, జనం ఇంటి పక్క సందులోంచి వచ్చి "అన్నా, ఒక్క నూనె ప్యాకెట్" అనేది. ఒకలకు ఇచ్చినమా, వాడకట్టు మొత్తానికి ఆ సందు దొరికినట్టే. ఇప్పుడు ఆ పూట ఇంట్లనే ఉండం. ఊరవతల మా చెలక కాడికి పోతం. పని ఏమీ ఉండదు, చింతచెట్టు కింద చాప ఏసుకుని పంటం. నువ్వు ఇంట్ల ఉన్నన్ని రోజులు నీ షాపు తెరిచినట్టే లెక్క.

ఇంకొకటి. మంగళవారం కొత్త బట్ట కత్తిరించనియ్యరు, కొత్తది కట్టుకోరు కూడా. చాలామందికి ఆ పట్టింపు ఉంది. మరి నీకు మంగళవారం గిరాకీ ఎట్లుంటది? అదే తక్కువైతే మూసేది ఆ రోజే కదా. నష్టం ఏముంది.

---

హుజూర్‌నగర్_గుమాస్తా:

అక్కా, నేనూ మిల్లు గుమాస్తానే. మీ ఆయన తరఫున నాలుగు మాటలు చెప్తాను, ఏమనుకోవద్దు.

సీజన్‌లో మా పని బయటివాళ్లకు తెలియదు. కాంటా దగ్గర రైతు, లారీ డ్రైవర్, హమాలీ మేస్త్రీ, ముగ్గురూ ఒకేసారి అరుస్తుంటారు. తేమ 17 శాతం దాటిందని మిషన్ చూపిస్తే రైతు ఒప్పుకోడు, మళ్లీ పెట్టమంటాడు. మళ్లీ పెడతాం. తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే తూకం చీటీలు రాయాలి, హమాలీ కూలి లెక్కగట్టాలి, పైసలు చేతికి ఇచ్చేటప్పుడు వంద తేడా వచ్చినా అది మన జేబులోంచే పోతుంది. రాత్రి ఇంటికి వచ్చాక గూడా చెవుల్లో మిల్లు చప్పుడే. అప్పుడు "ఏమండీ, పాప ఫీజు..." అంటే మాట్లాడే ఓపిక ఉండదు. ఫోన్ పట్టుకుని మంచం మీద పడితే అది సోమరితనం కాదు. వారానికి 48 గంటలు మించొద్దని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. వడ్ల సీజన్‌లో ఆ లెక్క ఎవరికి గుర్తుంటది?

మగవాళ్లకు కూడా కాస్త నిశ్శబ్దం కావాలి. అది గూడా సెలవు కిందే లెక్కపెట్టండి.

---

కత్తెర_మిర్యాలగూడ:

దేవరకొండ అన్నా, ఆ సందు మాట చదివి మా అత్తమ్మకు కూడా చదివి వినిపించాను, ఒకటే నవ్వు. మంగళవారం సంగతి నిజమే. కొత్త బట్ట ఇచ్చేవాళ్లు ఆ రోజు తక్కువ. ఆల్టరేషన్లు, ఫాల్ పికో వస్తాయి. కానీ మంగళవారం పిల్లలకు బడి, ఆయనకు మిల్లు. ఎవరూ లేని రోజు నేను మూసి ఏం చెయ్యను అని ఇన్నాళ్లూ ఆ ఆలోచనే రాలేదు.

హుజూర్‌నగర్ తమ్ముడూ, మీరు చెప్పింది ఒక్కటి కూడా కాదనను. కాంటా దగ్గర ఆయన గొంతు పోయేదాకా అరిచి వస్తాడు, నాకు తెలుసు. కానీ నిశ్శబ్దం కావాలంటే మంచం మీద పడే హక్కు ఆయనకు ఉంది, నాకు ఏ మంచం ఉంది? నా మంచం పక్కనే మిషన్. ఆయన పని మిల్లులో వదిలేసి వస్తాడు. నాది ముందు గదిలో నా కోసం కూర్చుని ఉంటుంది. ఆయన ఫోన్ చూస్తే నాకు కోపం లేదు తమ్ముడూ. ఫోన్ చూస్తూ "చాయ్" అంటాడు చూడండి, కోపం అక్కడ.

---

పాలమూరు_పంతులు:

అమ్మా, నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను. బడి పంతులుగా చేసి రిటైరయ్యాను. కాస్త పొడుగ్గా రాస్తాను, అలవాటు.

మీరు రాసింది చదువుతుంటే ఒకటి తట్టింది. వారానికొక సెలవు అనేది ఆఫీసులవాళ్లకు కుదిరిన ఏర్పాటు. మన జిల్లాల్లో చాలా ఇళ్లు వారాన్ని బట్టి నడవవు, పంట కారును బట్టి నడుస్తాయి. నీళ్లు వదిలారా లేదా, కోతలు పడ్డాయా లేదా, ముహూర్తాలున్నాయా లేదా, మీ ఇంటి ఖర్చూ తీరికా అన్నీ వాటి మీదే ఆధారపడి ఉన్నాయి. అలాంటప్పుడు ఏడాదిని ముందేసుకుని చూడాలి కదా. నేను కాగితం మీద మూడు గీతలు గీశాను, మీ ఆయన మిల్లుకు ఒకటి, మీ కుట్టుకు ఒకటి, పిల్లల బడికి ఒకటి.

ఎండాకాలం సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ 11 దాకా. అప్పుడు యాసంగి వడ్లు, మీకు పెళ్లిళ్లు, కుదరదు. దసరా సెలవుల్లో సద్దుల బతుకమ్మ దాకా మీరు తల ఎత్తరు. సద్దుల తెల్లారి నుంచి మీకు ఖాళీ, కానీ ఆయనకు అప్పుడే కోతల సందడి మొదలు. ఆషాఢం చూడండి. ముహూర్తాలు ఉండవు, కొత్త పెళ్లికూతుళ్లు పుట్టింట్లో ఉంటారు, మీకు పని పలచబడుతుంది. నాట్లు ఇంకా పడుతుంటాయి కాబట్టి మిల్లులో కొత్త వడ్లు రావు. బడి ఉంటుంది, ఐతారాలు ఉంటాయి. అన్నిటికంటే బాగా కుదిరేది సంక్రాంతి. పుష్యమాసం శూన్యమాసం, పెళ్లిళ్లు లేవు. వానకాలం వడ్లు డిసెంబరుతో చల్లబడతాయి. పిల్లలకు సెలవులు. మీ ముగ్గురి గీతలూ కలిసేది అక్కడే. మనకు బట్టల పండుగ దసరా, సంక్రాంతికి మీకు అంత ఒత్తిడి ఉండదనుకుంటాను. సాగర్ పోవాలంటే కూడా అప్పుడే హాయి, ఎండ ఉండదు. గేట్ల నీళ్లు ఉండవు, నిజమే. లాంచీలో నాగార్జునకొండ మ్యూజియం చూడొచ్చు, 2022లో తెరిచిన బౌద్ధ పార్కు బుద్ధవనంలో పిల్లలు తిరగడానికి కావలసినంత చోటుంది. విజయవాడ హైవే వైపు మాత్రం ఆ రోజుల్లో పోకండి, హైదరాబాద్ మొత్తం ఆంధ్రకు కదులుతుంది.

రెండో ప్రశ్నకు వస్తాను, వంటిల్లు. కేంద్ర ప్రభుత్వం టైమ్ యూజ్ సర్వే అని చేయిస్తుంది. ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో ఇంటింటికీ పోయి రాసుకుంటారు. 2019లో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెట్టారు. ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు చెయ్యి పెట్టని మగవాళ్లు ఈ సగటులోకి రారు, అది గమనించండి. మళ్లీ 2024లో అడిగితే ఆడవాళ్లది 289, మగవాళ్లది 88. ఐదేళ్లలో ఆడవాళ్ల మీద పది నిమిషాల బరువు తగ్గిందని సంబరపడేలోపల మగవాళ్లు కూడా తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు. హుజూర్‌నగర్ బాబూ, మీకు నిశ్శబ్దం కావాలన్నది న్యాయమే. ఈ 289లోంచి కొంత తీసుకుంటే ఆమెకూ కాస్త దొరుకుతుంది.

మా ఊళ్లో పిల్లలమర్రి ఉంది, ఏడు వందల ఏళ్ల చెట్టు, మూడెకరాల దాకా పరుచుకుంది. చూడటానికి వచ్చిన జనం ఊడలు పట్టుకుని ఊగారు, కొమ్మల మీద ఎక్కారు. ఇంతలో చెదలు పట్టాయి. 2018లో దానికి ఆస్పత్రి రోగికి కట్టినట్టు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. జనాన్ని దగ్గరికి రానివ్వకుండా మూసి పెట్టారు. ఇంటికి తాళం అంటూ ఉండదన్న మీ మాటకు అదే గుర్తొచ్చింది. ఏటా ఎవరో ఒకరు నాతో చూడటానికి వస్తారు, ఈ ముచ్చట చెప్పకుండా ఉండలేను. మీరు ఎప్పుడైనా ఇటు వస్తే చూపిస్తాను.

---

మక్తల్_పల్లికాయ:

పంతులు సార్ లెక్క బాగుంది గానీ, ఏడాదికి ఒక సంక్రాంతి చూపించి పిల్లలను ఊరుకోమనడం నాకు నచ్చలేదు సార్. పిల్లలకు ఏడాది లెక్క ఉండదు.

మా అమ్మానాన్న ముంబయి పనికి పోయేవాళ్లు. మా దగ్గర ఆ రోజుల్లో ఊరికి ఊరే పోయేది, పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. నన్నూ మా తమ్ముణ్ని అవ్వ దగ్గర వదిలేవాళ్లు. దీపావళి తర్వాత కుర్మూర్తి జాతరకు వచ్చేవాళ్లు. మా నాన్న వచ్చిన ప్రతిసారీ మమ్మల్ని జాతరలో రంగులరాట్నం ఎక్కించి, మిఠాయి కొనిచ్చి, కొత్త చెప్పులు కొనిచ్చి ఒక్క రోజులో ఏడాదిదంతా తీర్చాలని చూసేవాడు. మంచివాడే, పాపం. ఆ రంగులరాట్నం నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు. గుర్తున్నది ఏంటంటే, జాతర అయ్యాక వాళ్లు ఇంకా ఊళ్లో ఉన్న రోజుల్లో మా అమ్మ అరుగు మీద పల్లికాయ ఉడకబెట్టి గంప ముందేసుకుని కూర్చునేది. నేను పక్కన కూర్చుని ఒలిచి ఆమె నోట్లో ఒకటి, నా నోట్లో ఒకటి. మా అమ్మ నాతో ఏం మాట్లాడేదో కూడా యాదికి లేదు. ఎక్కడికీ పోతానని అనకుండా కూర్చునేది, అదే.

కాబట్టి అక్కా, సాగర్ పోలేదని బాధపడకు. రాత్రి తొమ్మిదిన్నర హుక్కు ఉంది చూడు, దాన్ని ఆపు. బాబు నిద్రపోయేదాకా ఉన్న ఆ గంట వాడిది. ఎనిమిది దాటితే గేటుకు తాళం వెయ్యి. ఒక్క హుక్కు ఊడితే పిన్నీసు పెట్టుకోమను, చచ్చిపోరు ఎవ్వరూ.

ఇంకోటి, ఆదివారం మటన్ మీద కూడా నాకు ఒక మాట ఉంది. మటన్ తప్పకుండా తినండి, వండేది మాత్రం మీ ఆయన. మా ఇంట్లో ఇప్పుడు మా నాన్నే వండుతాడు. ముంబయిలో సైట్ల మీద ఇరవై మందికి వండిన చెయ్యి అది, మా అమ్మ కంటే బాగా వండుతాడు. మా అమ్మ ముందర మాత్రం ఈ మాట అనను.

---

సూర్యాపేట_ఇంటినుంచే:

నేను సాఫ్ట్‌వేర్, ఇంటి నుంచే పని. బయటివాళ్లకు నేను ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తాను, ఆ బాధ వేరే రోజు రాస్తాను.

అక్కా, మీ షాపు నంబరుకు వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి, డబ్బులేం అడగదు. అందులో "అవే మెసేజ్" అని ఉంటుంది, టైం పెట్టుకుంటే ఆ టైంలో ఎవరు మెసేజ్ చేసినా దానంతట అదే జవాబు పోతుంది. "రాత్రి 8 తర్వాత, మంగళవారం షాపు బంద్. కొలతలకు, డెలివరీకి శుక్ర, శని" అని తెలుగులోనే రాసి పెట్టండి. సొంత నంబరు, షాపు నంబరు వేరు చేసుకోండి. గేటుకు తాళం వేసి ఫోన్ తెరిచి పెడితే తాళం దండగ.

ఇంకా, మంగళవారం ఎవరూ లేకుండా నేనేం చెయ్యను అన్నారు చూడండి, నాకు నవ్వొచ్చింది, కొంచెం ఏడుపు కూడా వచ్చింది. ఏమీ చెయ్యకండి. లేకపోతే ఆధార్ కార్డు సంచిలో వేసుకుని బస్సెక్కండి. 2023 డిసెంబర్ నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా. నల్లగొండ దగ్గర పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. లోపల లింగం మీద రోజంతా ఒక నీడ పడుతూనే ఉంటుంది, సూర్యుడు ఎటు తిరిగినా. మా ఆడబిడ్డా నేనూ పోయాం. నీడ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టాలని స్తంభాల మధ్య చెయ్యి అడ్డం పెట్టి చూస్తూ చిన్నపిల్లల్లా తిరిగాం. తర్వాత ఉదయ సముద్రం కట్ట మీద కూర్చుని మిర్చీ బజ్జీలు తిని వచ్చాం. ఎవరికీ వండలేదు.

---

దేవరకొండ_కిరాణం:

సూర్యాపేట చెల్లె రాసింది మా ఇంటామె చదివింది. వచ్చే వారం నన్ను కొట్టు మీద కూర్చోబెట్టి వాళ్ల అక్కతో పానగల్లు పోతదట. మంచి పని చేసినవమ్మా.

---

హుజూర్‌నగర్_గుమాస్తా:

అందరూ కలిసి నన్నే పట్టుకున్నారు. సరే. ఈ ఐతారం చికెన్ నేను వండాను. ఉప్పెక్కువైంది. మా ఆవిడ తిన్నది, ఏమీ అనలేదు. అనకపోవడమే భయంగా ఉంది.

---

కత్తెర_మిర్యాలగూడ:

మీరందరూ ఇంత రాస్తారనుకోలేదు. రాత్రి పిల్లలు పడుకున్నాక మా ఆయనతో కలిసి అన్నీ మళ్లీ చదివాను. హుజూర్‌నగర్ తమ్ముడి మాట వచ్చినప్పుడు "చూశావా" అన్నాడు, పంతులుగారి 289 వచ్చినప్పుడు మాట్లాడలేదు.

నేను ఇన్నాళ్లూ ఒకే సెలవు కోసం వెతుకుతున్నాను. అందరికీ సెలవున్న రోజే నాకూ సెలవు దొరుకుతుందనుకున్నాను. మీ రాతలు చదివాక తెలిసింది, ఇంటి సెలవు వేరు, నా సెలవు వేరు, రెండూ ఒకే రోజు రావు. ఐతారం పిల్లలు ఇంట్లో ఉంటారు, నాకు వాళ్లతో ఉండాలనే ఉంటుంది, కానీ అది ఒళ్లు అలిసే రోజు. అలిసినా పరవాలేదు, నా పిల్లలే. మంగళవారం నేను ఎవరికీ ఏమీ కాని రోజు. ఆ రోజు ఎవరూ లేకపోవడమే మంచిది.

ఇలా అనుకున్నాం. మంగళవారం షాపు పూర్తిగా బంద్. అత్తమ్మకు మధ్యాహ్నం అన్నం పెడితే సాయంత్రం పిల్లలు వచ్చేదాకా నా ఇష్టం. ఈ మాట అత్తమ్మకు చెప్పడానికి భయపడ్డాను. ఆమె "నేను పెట్టుకుని తినలేనా ఏంది, నీకంటే ముందు నుంచి వండుతున్నా" అంది. సగం కోపం, సగం కాదు. ఆమెకు మాత్రం సెలవు ఎవరిచ్చారు అని నాకు అప్పుడు అనిపించింది. అది ఇంకో పెద్ద ముచ్చట.

ఐతారం పొద్దున కొలతలు తీసుకుంటాను, ఒంటిగంటకు బంద్. మటన్ ఆయనది. సీజన్‌లో ఆయనకు ఐతారాలు కూడా ఉండవు కాబట్టి ఆ రెండు మూడు నెలలు మటనే బంద్, పప్పుచారు, వడియాలు. దీనికి బాబు ఇంకా ఒప్పుకోలేదు. రాత్రి ఎనిమిదికి గేటు తాళం. సంక్రాంతికి సాగర్, అందరం. పంతులు సార్, మీరన్నట్టే సంక్రాంతికి మాకు కుట్టు తక్కువ. ఇన్నేళ్లు ఆ రోజుల్లో పని లేదని దిగులుపడేదాన్ని, పిల్లలకు సెలవులని చూసుకోలేదు. మక్తల్ చెల్లీ, నువ్వు చెప్పింది కూడా వదలలేదు, తొమ్మిదిన్నర గంట బాబుదే.

పక్క వీధికి గిరాకీ పోతుందా అనే భయం ఇంకా ఉంది. లైనింగ్ జాకెట్టుకు నేను 350 తీసుకుంటాను, వాళ్లు 300. వారానికో రోజు మూసి, రేటు కూడా ఎక్కువంటే ఎవరైనా పోతారేమో. చూద్దాం. పోయిన మంగళవారం బోర్డు కట్టాను. ఇద్దరు వచ్చి బోర్డు చదివి కూడా గేటు కొట్టారు. నేను లోపల పడుకుని ఉన్నాను, లేవలేదు. నిద్ర మాత్రం పట్టలేదు. అన్న చెప్పినట్టు ఇంట్లో ఉంటే లాభం లేదు, ఈ వారం బస్సెక్కుతాను.

---

దేవరకొండ_కిరాణం:

మరి నిజంగనే అర్జెంటు అయితే? పెళ్లికూతురు తల్లి మళ్లీ మూడు పట్టు జాకెట్లు పట్టుకొస్తే?

---

కత్తెర_మిర్యాలగూడ:

డబల్ కూలి అన్నా. బోర్డు కింద చిన్న అక్షరాలతో అది కూడా రాశాను. రాసినప్పటి నుంచి అర్జెంటు అన్నవాళ్లు ఇంకా ఎవరూ రాలేదు.